జెరూసలేంలో ఏడు రాత్రులు: దేవుడి ఇళ్లు, మా బస

మొదటి తప్పు టికెట్ దగ్గరే చేశాను. 2022 అక్టోబరు 7, శుక్రవారం. బెన్ గురియన్ ఎయిర్‌పోర్టులో దిగేసరికి సాయంత్రమైంది. మామూలు రోజైతే అక్కడి నుంచి జెరూసలేంకి రైల్లో అరగంట కూడా పట్టదు. శుక్రవారం పొద్దు గూకితే సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, రైళ్లుండవు. టాక్సీ అతను అడిగినంతా ఇచ్చి ఎక్కాం. "చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో చదివిందే కదరా" అంది అమ్మ. అంతకు మించి తిట్టలేదు.

అమ్మది తెనాలి, లూథరన్ కుటుంబం. మోకాళ్ల నొప్పులు. గ్రూపు టూర్లవాళ్లు ఇజ్రాయెల్, జోర్డాన్, ఈజిప్టు మూడూ కలిపి పది రోజుల్లో చుట్టేస్తారు. ఆ పరుగు ఆమె వల్ల కాదు. అందుకే ఇద్దరమే వెళ్లి, వారమంతా ఒక్క ఊళ్లోనే ఉన్నాం.

బస పాత నగరంలో, ఆస్ట్రియన్ హాస్పిస్‌లో. 1863లో యాత్రికుల కోసం తెరిచిన సత్రం, ఇప్పుడు హోటల్లాగే నడుస్తోంది. గది చిన్నది, శుభ్రంగా ఉంది. మేడ ఎక్కితే గోపురాలన్నీ కళ్లముందే. కానీ కారు డమాస్కస్ గేటు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి రాతి మెట్ల మీద పెట్టె మోసుకు దిగాల్సిందే. చక్రాల పెట్టె అని మురిసిపోకండి, ఆ మెట్ల మీద చక్రాలు ఎందుకూ పనికిరావు. పెద్దవాళ్లతో వెళ్తే కొత్త నగరంలో, ట్రామ్ దారిలో ఉండటమే సుఖం.

మర్నాడు యూదులు ప్రార్థన చేసే పడమటి గోడ. ఇది గుడి గోడ కాదు. యూదుల పాత గుడి ఉన్న కొండ చుట్టూ హేరోదు రాజు కట్టించిన ప్రహరీలో మిగిలిన భాగం. గుడిని క్రీ.శ. 70లో రోమన్లు నేలమట్టం చేశారు. ప్రార్థన జరిగే మేర 57 మీటర్లు. మగవాళ్లకు ఎక్కువ చోటు, ఆడవాళ్లకు తక్కువ. అమ్మ ఒక్కతే లోపలికి వెళ్లి ముప్పావు గంట రాలేదు, నాకు టెన్షన్. చివరికి గోడకు వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చింది. ఎవరు చెప్పారంటే, "అందరూ అలాగే వస్తున్నారు, నేనూ వచ్చాను" అంది. మన గుళ్లలో కూడా చూసిన పద్ధతే. ప్రవేశం ఉచితం, మగవాళ్లకు తల టోపీ అక్కడే ఇస్తారు. సబ్బాతు నాడు ఫోన్ బయటికి తీయకూడదు. రాళ్ల సందుల్లో పెట్టిన చీటీలను ఏడాదికి రెండుసార్లు తీసి ఒలీవల కొండ మీద పాతిపెడతారట.

కొండ మీదికి వెళ్లే వంతెన దగ్గర యూదు మత పెద్దలు పెట్టిన బోర్డుంది: ధర్మశాస్త్రం ప్రకారం పైకి వెళ్లడం నిషిద్ధమని. అతిపరిశుద్ధ స్థలం, అంటే ఆ గుడి గర్భాలయం, ఎక్కడుండేదో కచ్చితంగా తెలియదు, పొరపాటున దాని మీద కాలు పడుతుందేమోనన్న భయం. ఇల్లు పోయి దాదాపు రెండు వేల ఏళ్లయినా ఇంటాయన వెళ్లిపోయాడని వాళ్లు అనుకోవడం లేదు. వారం మొత్తంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ బోర్డే.

ఇజ్రాయెల్ మ్యూజియంలో ఆ గుడి ఉన్న కాలపు నగరాన్ని 1:50 కొలతలో కట్టి పెట్టారు. ముందు అది చూసి తర్వాత గోడకు వెళ్తే బాగా అర్థమవుతుంది. మేం తలకిందులుగా చేశాం. అక్కడే అమ్మకు ప్రత్యక్ష గుడారం (గుడి లేని రోజుల్లో, ఎడారి దారిలో దేవుడికి వేసిన డేరా) లెక్క గుర్తొచ్చింది: పొడవు ముప్ఫై మూరలు, వెడల్పు పది. మల్లెపూలు కొలిచే మూరతో దేవుడి ఇంటిని కొలవడం నాకు చిన్నప్పుడు నవ్వు తెప్పించేది. బైబిలు నిర్గమకాండంలో ఆ గుడారం ఎందుకు కట్టమన్నాడో చూడండి. తాను "దానిలో" నివసిస్తానని లేదు, "వారిలో" నివసిస్తానని ఉంది. యోహాను సువార్తలో వాక్యం, అంటే యేసు, మన మధ్య నివసించిందన్న చోట గ్రీకు క్రియకు గుడారం వేసుకోవడమనే అర్థం. యూదులకు జనం మధ్య వేసిన డేరా, క్రైస్తవులకు ఒక మనిషి దేహం.

ఈ సంగతి యేసు సమాధి ఉన్న పునరుత్థాన చర్చిలో మాత్రం మర్చిపోయేలా ఉంది. 335లో ప్రతిష్ఠించిన చోటు, ఇప్పటి కట్టడంలో ఎక్కువ భాగం క్రూసేడర్లది. ఆరు క్రైస్తవ శాఖలవాళ్లు గోడ గోడకూ లెక్కలు వేసుకుని పంచుకున్నారు. తాళం మాత్రం ముస్లిం కుటుంబాల చేతిలో. పైన కిటికీ కింద ఒక చెక్క నిచ్చెన తరాలుగా అలాగే ఉంది, అందరూ ఒప్పుకుంటే తప్ప కదపకూడదు. సమాధి దగ్గర గంటన్నర క్యూ, లోపల ఒక్క నిమిషం. "త్వరగా, త్వరగా" అని తోలడం తిరుమలను గుర్తు చేసింది. తెల్లవారుజామున ఐదింటికి వెళ్లండి, ఖాళీగా ఉంటుంది.

దాని పైకప్పు మీద ఇథియోపియా సన్యాసుల చిన్న చిన్న గదులున్నాయి. ఒంగితే గానీ లోపలికి వెళ్లలేనంత పొట్టి తలుపులు. ఆ చోటుకీ కాప్టులతో, అంటే ఈజిప్టు క్రైస్తవులతో, తగాదా ఉంది. 1970లో ఈస్టర్ రాత్రి కాప్టులు ప్రార్థనకు వెళ్తే ఇథియోపియావాళ్లు తాళాలు మార్చేశారు! అయినా అంత ప్రశాంతత కింద దొరకలేదు. అమ్మ అక్కడ కూర్చుని మోకాళ్లకు మందు రాసుకుంది.

బెత్లెహేము ఒక పూట సరిపోతుంది. యేసు పుట్టిన చోట కట్టిన చర్చి వాకిలి ఎత్తు నాలుగడుగులే, మోకాళ్లు బాగాలేకపోయినా వంగాల్సిందే. ఆపైన గైడ్ మమ్మల్ని కొయ్య బొమ్మల దుకాణానికి తీసుకెళ్లి గంట తినేశాడు. డబ్బు కంటే ఆ గంటే బాధ.

మేం వెళ్లింది యూదుల పర్ణశాలల పండుగ వారం. బజారులో పండుగ ప్రార్థనకు వాడే మాదీఫలాలను భూతద్దం పెట్టి పరీక్షించి కొంటున్నారు, తొక్క మీద మచ్చ ఉండకూడదట. హోటళ్ల ముందు, మేడల మీద, వరండాల్లో పాకలు వెలిశాయి. ఏడు రోజులూ అందులోనే భోజనం. పైన ఆకులు మరీ దట్టంగా పరవరు, నక్షత్రాలు కనబడాలి. కొత్త నగరంలో ఒక చిన్న భోజనశాల పాకలో మమ్మల్నీ కూర్చోబెట్టారు. హమ్మస్, ఫలాఫెల్ ఇద్దరికీ కలిపి రెండు వేల రూపాయలు దాటింది. ఆ ఊళ్లో అది మామూలే.

అమ్మ తలెత్తి ఈత కమ్మల వంక చూసి, "మన పెళ్లిపందిరేరా ఇది" అంది. తర్వాత చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం సంగతి ఎత్తింది. తాము పాత ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్లమంటూ యూదు మతం పాటించే తెలుగు కుటుంబాలు అక్కడున్నాయి, చిన్న సమాజమందిరం, అంటే యూదుల ప్రార్థనా మందిరం, కూడా ఉంది. "తెనాలి నుంచి గుంటూరు పోయేటప్పుడు ఎన్నిసార్లు ఆ దారిన పోలేదు. ఒక్కసారైనా దిగామా?" అంది. నేను బిల్లు తెమ్మన్నాను. పండుగయ్యాక ఈ కమ్మలు ఏం చేస్తారో బిల్లు తెచ్చినతన్ని అడగమంది. అడిగాను. పారేస్తాం, గుడ్డలూ కర్రలూ మాత్రం మడిచి అటక మీద పెడతాం, వచ్చే ఏడు మళ్లీ కావాలిగా అన్నాడు.