రెండున్నరేళ్లుగా నా జేబులో ఉన్న చిన్న పాడ్ వేప్: ప్రయాణాలు చేసే కొత్తవారి కోసం ఒక సమీక్ష

నేను తొమ్మిదేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఆహార పదార్థాలను ప్యాక్ చేసే యంత్రాలను ఫ్యాక్టరీలలో బిగించడం, మరమ్మతు చేయడం నా ఉద్యోగం కనుక నెలలో పది పన్నెండు రోజులు రైళ్లలోనూ, విమానాలలోనూ, ఊరు కాని ఊళ్లలోని హోటళ్లలోనూ గడుస్తాయి. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో అంటుకున్న సిగరెట్ అలవాటు 2022 అక్టోబరు నాటికి రోజుకు పన్నెండు దాకా పెరిగింది. ఆ నెలలోనే వేప్‌కు, అంటే నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఇ-సిగరెట్‌కు మారాను. అప్పటి నుంచి నాలుగు పరికరాలు మార్చి, నాలుగో దానితో రెండున్నరేళ్లు నిలకడగా గడిపాను కాబట్టి, సిగరెట్ మానాలనుకుంటూ తరచుగా ప్రయాణించే వారికి ఎలాంటి పరికరం సరిపోతుందో చెప్పగలనని అనుకుంటున్నాను.

రెండు మాటలు ముందే చెప్పాలి. సిగరెట్ అలవాటు లేనివారికి ఈ పరికరంతో ఏ పనీ లేదు. వేప్ సిగరెట్ కంటే చాలా తక్కువ హానికరమని, కానీ బొత్తిగా హాని లేనిది కాదని, పొగ తాగనివారు దీన్ని మొదలుపెట్టవద్దని ఇక్కడి జాతీయ ఆరోగ్య సేవ చెబుతుంది. నా అభిప్రాయమూ అదే. రెండోది, భారతదేశంలో 2019 నుంచి ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ చట్టరీత్యా నిషిద్ధం. అందువల్ల ఈ సమీక్ష చట్టం అనుమతించే దేశాలలో ఉంటున్న పెద్దల కోసమే.

ఏ కంపెనీ పేరూ రాయడం లేదు. ఈ రంగంలో నమూనాలు ఏడాదికోసారి మారిపోతాయి, నేను కొన్న నమూనా ఇప్పుడు దుకాణంలో దొరకడం లేదు. నింపుకునే పాడ్, అంటే ద్రవం ఉండే చిన్న తొట్టిని మళ్లీ మళ్లీ నింపుకుని వాడే రకం మాత్రం మారలేదు, ఈ సమీక్ష ఆ రకానికి సంబంధించినది.

మొదట వాడింది వాడి పారేసే రకం. నింపడం, ఛార్జింగ్, బటన్ ఏవీ లేవు, నోట పెట్టుకుని లాగితే చాలు. మొదటి పదిరోజులు సిగరెట్ జోలికి పోకుండా నిలబెట్టింది అదే అని ఒప్పుకోవాలి. కానీ లోపల బ్యాటరీ ఉన్న వస్తువును రెండు రోజులకోసారి చెత్తలో వేయడం నాకు మింగుడు పడలేదు. బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి వీటి అమ్మకాన్నే నిషేధించారు, అంతకు ముందే బెల్జియం, ఫ్రాన్స్ కూడా ఆ పని చేశాయి కాబట్టి ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ దారి ఎలాగూ మూసుకుపోయింది.

రెండోది పెన్ను ఆకారంలో, పైన గాజు ట్యాంకు, పక్కన బటన్ ఉన్న రకం. దుకాణంలోని అబ్బాయి ఆవిరి బాగా వస్తుందని చెప్పి అంటగట్టాడు. ఆవిరి నిజంగానే బాగా వచ్చింది, బస్టాపులో నిలబడితే పొగమంచు దిగినట్టు ఉండేది. సిగరెట్ తాగేవాడు పొగను ముందు నోటిలోకి లాగి, ఆ తరువాత ఊపిరితిత్తుల్లోకి దించుతాడు. ఆ పెన్నులో ఒకేసారి గుండెల నిండా పీల్చాలి. పదిహేనేళ్ల అలవాటుకు అది పూర్తిగా విరుద్ధం కావడంతో దగ్గు వచ్చేది, తృప్తి మాత్రం ఉండేది కాదు. ఆ వారం రెండు సార్లు సిగరెట్ కొన్నానంటే తప్పు నాదే, కానీ పరికరానికీ అందులో వాటా ఉంది.

మూడోది కంపెనీయే ద్రవం నింపి సీలు వేసి అమ్మే పాడ్ రకం. లైటర్ అంత ఉంటుంది, కారదు, గొడవ లేదు. ఇంట్లో ఉండేవారికి అదే చాలు. అయితే ఆ పాడ్లు ఆ పరికరానికి తప్ప మరొకదానికి పట్టవు. ఒకసారి ఆస్ట్రియాలోని ఒక చిన్న పట్టణంలో యంత్రం పని నాలుగు రోజులు ఎక్కువ పట్టింది, తీసుకెళ్లిన పాడ్లు అయిపోయాయి, ఆ ఊరిలో అవి దొరకలేదు. పొగాకు దుకాణం మాత్రం హోటల్ ఎదురుగానే ఉంది. ప్రయాణించేవాడికి అసలు పరీక్ష ఇలాంటి సాయంత్రమే. ఇంటికి రాగానే ఏ సీసాలోని ద్రవమైనా నింపుకోగల పాడ్ పరికరం కొన్నాను.

ఇప్పుడు నా దగ్గరున్నది 1000 ఎంఏహెచ్ బ్యాటరీ, 2 మిల్లీలీటర్ల పాడ్, టైప్-సి ఛార్జింగ్ ఉన్న, నిలువుగా చొక్కా జేబులో పట్టే పరికరం. పాడ్ అడుగున అయస్కాంతంతో అతుక్కుంటుంది. బటన్ లేదు, లాగితే దానంతట అదే పనిచేస్తుంది. గాలి ఎంత లోపలికి రావాలో సరిచేసుకునే చిన్న జారుడు మీట పక్కన ఉంది. కొత్తవారు పెద్దగా పట్టించుకోని ఈ మీటే నాకు అన్నిటికంటే ఉపయోగపడింది. దాన్ని దాదాపు మూసేస్తే దమ్ము సిగరెట్ దమ్ములా బిగువుగా ఉంటుంది, తెరిచేకొద్దీ వదులవుతుంది. పాడ్ లోపల ద్రవాన్ని వేడిచేసే తీగ చుట్టను కాయిల్ అంటారు. కాయిల్ నిరోధం 0.8 నుంచి 1.2 ఓమ్‌ల మధ్య ఉన్న పాడ్లు ఈ బిగువైన దమ్ముకు తగినవి. అంతకంటే తక్కువ ఓమ్‌ల కాయిల్‌కు ఆవిరీ ఎక్కువే, ద్రవం ఖర్చూ ఎక్కువే, బ్యాటరీ మీద భారమూ ఎక్కువే.

చాలామంది ఎంత చిన్నదైతే అంత మంచిదని అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకుని స్నేహితుడి దగ్గరున్న 400 ఎంఏహెచ్ పరికరాన్ని ఒక వారం అరువు తెచ్చుకుని చూశాను. ఉదయం ఆరింటికి రైలెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు దాని దీపం ఎర్రగా మెరిసేది. పరికరం చిన్నదైనందుకు దానికి తోడుగా తీగ, పవర్ బ్యాంకు మోయాల్సి వస్తే లాభం ఏముంది? నా పరికరం కొత్తలో ఒకటిన్నర రోజు వచ్చేది. జేబులో తేడా తెలియని నాలుగైదు మిల్లీమీటర్ల మందం కోసం ఆ రోజును వదులుకోనవసరం లేదు.

ఇక విమానంలో కారడం గురించి. దీన్ని ఎంత వివరంగా చెప్పినా తక్కువే, ఎందుకంటే ఒక ప్రయాణంలో నా లాప్‌టాప్ సంచి అడుగు భాగమంతా పుదీనా వాసనతో జిగటగా మారింది. మ్యూనిక్‌లో దిగి ఫ్యాక్టరీకి వెళ్లి, యంత్రం డ్రాయింగ్ కాగితాలను బయటికి తీస్తే అవి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. పరికరం లోపం అనుకున్నాను గానీ, అసలు కారణం గాలి. విమానం పైకి వెళ్లినప్పుడు లోపలి గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉండే పీడనానికి సమానమవుతుంది. సగం ఖాళీగా ఉన్న పాడ్‌లో మిగిలిన సగం గాలే, ఆ గాలి దాదాపు మూడో వంతు వ్యాకోచించి ద్రవాన్ని కాయిల్ చుట్టూ ఉన్న పత్తి గుండా మధ్య గొట్టంలోకి తోస్తుంది. ద్రవం అక్కడి నుంచి అడుగుకూ, నోటి వైపుకూ కారుతుంది.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఒకటే. విమానాశ్రయానికి వెళ్లేలోపు పాడ్‌ను వాడి ఖాళీ చేస్తాను. కుదరకపోతే గాలికి చోటు లేకుండా నిండా నింపుతాను, సగం పాడ్‌తో మాత్రం ఎక్కను. పాడ్‌ను పరికరం నుంచి విడదీసి, కాగితపు రుమాలు చుట్టి, మూత బిగుసుకునే చిన్న ప్లాస్టిక్ సంచిలో నోటి భాగం పైకి ఉండేలా పెడతాను. దిగిన తరువాత పాడ్ అడుగునా, పరికరంలోని గుంటలోనూ తుడిచి, ఒకసారి గట్టిగా ఊది, అప్పుడు బిగిస్తాను. ఇలా చేయడం మొదలుపెట్టాక ఇరవైకి పైగా విమాన ప్రయాణాలలో ఒక్కసారి మాత్రమే, అదీ రెండు చుక్కలు, కారింది.

పరికరం చేతి సంచిలోనే ఉండాలి. లిథియం బ్యాటరీ ఉన్నందున ఇ-సిగరెట్లను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదనేది 2015 నుంచి అంతర్జాతీయ విమానయాన నియమం, విమానంలో వాటిని ఛార్జ్ చేయడమూ నిషిద్ధమే. బ్రిటన్‌లో నికోటిన్ ఉన్న ద్రవం 10 మిల్లీలీటర్లకు మించిన సీసాలో అమ్మకూడదు కనుక ద్రవాల పరిమితితో చిక్కు రాదు, నాలుగు సీసాలు పారదర్శక సంచిలో ఒక మూల ఇమిడిపోతాయి. విమానం మరుగుదొడ్డిలో రెండు దమ్ములు లాగితే ఎవరికి తెలుస్తుందని అడిగే మిత్రులున్నారు. అక్కడ పొగను పసిగట్టే యంత్రం ఉంటుంది, అది చట్టరీత్యా నేరం కూడా. రెండు మూడు గంటలు ఓర్చుకోలేనివారు నికోటిన్ గమ్ జేబులో ఉంచుకోవడం మేలు.

నలుగురి కంటా పడకుండా ఉండే పరికరం కావాలని చాలామంది అడుగుతారు. నా దృష్టిలో దాని అర్థం నిషిద్ధ స్థలంలో దొంగచాటుగా లాగడం కాదు. బ్రిటన్‌లో రైళ్లలో వేప్ వాడకూడదు, ప్లాట్‌ఫారం మీద కూడా చాలాచోట్ల కుదరదు. బయట నిలబడినప్పుడు కూడా పక్కవారి ముఖం మీదికి మేఘం పోకుండా ఉండడమే నాకు కావలసిన మరుగు. దానికి పరికరం రంగు, ఆకారాల కంటే ద్రవమే ముఖ్యం. ద్రవంలో గ్లిజరిన్ పాలు పెరిగితే ఆవిరి చిక్కగా వస్తుంది. గ్లిజరిన్, దానితో కలిపే పలుచని ప్రొపిలీన్ గ్లైకాల్ సగం సగం ఉన్న ద్రవాన్ని ఓమ్‌లు ఎక్కువున్న కాయిల్‌తో వాడితే ఆవిరి పలుచగా వచ్చి క్షణాల్లో కలిసిపోతుంది. తీపి రుచులు వాడితే వాసన చాలాసేపు నిలుస్తుంది, పైగా వాటిలోని తీపి పదార్థం కాయిల్ మీద నల్లగా పేరుకుపోతుంది. నాకు పుదీనా ద్రవంతో కాయిల్ రెండు వారాలు వస్తే, సరదాకి కొన్న మామిడి రుచి ద్రవం కాయిల్‌ను ఆరు రోజుల్లో కాల్చేసింది.

కాలిన రుచి విషయంలో కొత్తవారు చేసే తప్పు ఒకటుంది. కొత్త పాడ్ నింపిన వెంటనే లాగేస్తారు. పత్తి ఇంకా తడవకుండానే కాయిల్ వేడెక్కితే అది మాడిపోతుంది, ఆ రుచి ఇక పోదు. నింపిన తరువాత పది నిమిషాలు పక్కన పెట్టాలి. నేను రాత్రి పడుకునే ముందు నింపి ఉదయం వాడతాను.

నికోటిన్ మోతాదు గురించి కొంత జాగ్రత్తగా చెప్పాలి. ఇక్కడ చట్టం అనుమతించే గరిష్ఠం మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. భయంతో మొదట 6 తీసుకున్నాను, రోజంతా పీలుస్తూనే ఉన్నా మనసు సిగరెట్ మీదే ఉండేది. రోజుకు పన్నెండు కాల్చేవాడికి అది చాలదని తెలిసి 20 మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్‌కు మారాను. సాల్ట్ రకంలో అంత మోతాదులోనూ గొంతుకు ఘాటు తక్కువగా తగులుతుంది, కొన్ని దమ్ములతోనే తృప్తి కలుగుతుంది. ఆ సుఖంలోనే ఒక ప్రమాదమూ ఉంది. ఘాటు లేదు కదా అని వరుసగా లాగితే తల తిరిగి, కడుపులో వికారం పుడుతుంది. నాకు మొదటి వారంలో ఒకసారి అలా జరిగింది. ఎనిమిది నెలల తరువాత 10కి, ఆ మరుసటి ఏడాది 5కి దిగాను. నింపుకునే పాడ్‌లో పరికరం మార్చకుండానే సీసా మార్చి ఇలా దిగే వీలుంది. పిల్లలున్న ఇంట్లో ఆ సీసాలను అందని చోట తాళం వేసి ఉంచాలి, మూత గట్టిదే అయినా లోపల ఉన్నది విషమే.

దేశాల నియమాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. నెదర్లాండ్స్‌లో 2024 నుంచి పొగాకు రుచి తప్ప మరే రుచి ద్రవమూ అమ్మకూడదు, అందుకే అక్కడికి వెళ్లినప్పుడు పుదీనా సీసా ఇంటి నుంచే తీసుకెళ్తాను. సింగపూర్‌లో 2018 నుంచి పరికరం దగ్గర ఉండటమే నేరం. థాయిలాండ్‌లోనూ నిషేధం ఉంది. ఎయిర్‌పోర్టు దుకాణంలో అమ్ముతున్నారు కాబట్టి దిగే చోటా చెల్లుతుందనుకోవడం పొరపాటు.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు నా పరికరం ఇంగ్లండ్‌లోని ఇంట్లో బల్ల సొరుగులోనే ఉంటుంది. 2019 చట్టం ప్రకారం దిగుమతికి మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మా బంధువుల అబ్బాయి, మామయ్యా, నాకొకటి తెచ్చిపెట్టండి అని రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ కాదన్నాను. ఆ మూడు వారాలు నికోటిన్ గమ్‌తో గడుపుతాను. మొదటిసారి మూడో రోజున మేనత్త ఇంటి మేడ మీద ఎవరో సిగరెట్ వెలిగిస్తే ప్రాణం లాగింది. రెండోసారి అంత కష్టం కాలేదు.

ఖర్చు విషయానికి వస్తే, నెలకు నాలుగైదు సీసాలు, రెండు మూడు పాడ్లు కలిపి నాకు ఇరవై పౌండ్ల లోపే అవుతోంది. ఇక్కడ ఇరవై సిగరెట్ల పెట్టె ఒక్కటే పదిహేను పౌండ్లు దాటింది.

నా పరికరం మీద ఫిర్యాదులు లేకపోలేదు. పాడ్ ప్లాస్టిక్ మరీ ముదురు రంగు కావడంతో ద్రవం ఎంత ఉందో దీపానికి ఎత్తి చూస్తే గానీ తెలియదు. నింపే రంధ్రానికి ఉన్న రబ్బరు మూత నెల తిరగకముందే వదులవుతుంది. నోటి భాగానికి మూత లేదు కనుక జేబులోని దూది, దుమ్ము అందులో చేరతాయి. అప్పుడప్పుడు గుంటలో తేమ చేరితే లాగకపోయినా దీపం వెలుగుతుంది, అప్పుడు వెంటనే పాడ్ తీసి ఆరబెట్టాలి. బ్యాటరీ ఇప్పుడు సాయంత్రం ఏడు దాటి రావడం లేదు, పైనున్న నల్ల రంగు మూలల్లో లేచిపోయి లోహం కనిపిస్తోంది. వచ్చే నెలలో కొత్తది కొంటాను. ఈ రకమే కొంటాను గానీ, ఈసారి పాడ్ లోపలిది కనిపించేలా ఉండి, నోటి భాగానికి మూత ఉన్నది చూసి తీసుకుంటాను. 5 మిల్లీగ్రాముల సీసాలు మాత్రం రెండే కొన్నాను.