బెజవాడలో 2010 కోర్నాస్: ఒకటి తాగేశాం, రెండోది ఎన్నాళ్లు ఆపొచ్చు?

సంక్రాంతికి మా బావ ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి వస్తూ 2010 కోర్నాస్ వైన్ రెండు బాటిళ్లు తెచ్చాడు. కస్టమ్స్‌లో మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేదు కాబట్టి 750 మి.లీ.వి రెండే పడతాయి. కోర్నాస్ అంటే ఫ్రాన్స్‌లో ఉత్తర రోన్ లోయకి దక్షిణపు కొసన, వాలెన్స్ ఊరి దగ్గర గ్రానైట్ కొండల మీద పండే వైన్, అక్కడి రూల్ ప్రకారం సిరాహ్ తప్ప ఇంకో ద్రాక్ష కలపకూడదు. ఆస్ట్రేలియా వాళ్లు షిరాజ్ అనేది, మన నాసిక్ బాటిళ్ల మీద కనపడేదీ ఇదే ద్రాక్ష, కాకపోతే నాసిక్‌వి ఎక్కువగా కొన్నేళ్లలో తాగేయడానికే చేస్తారు, కోర్నాస్ చిన్న వయసులో నోరంతా పట్టేసే వగరు, మంచి ఏడాదిదైతే పదేళ్లు దాటాకే మెత్తబడుతుంది. 2010 అంటే ద్రాక్ష కోసిన ఏడాది, అక్కడ పంటకి అది చాలా మంచి ఏడాది. ఒకటి తెరిచి చూసి, దాన్ని బట్టి రెండోది ఆపాలా వద్దా తేల్చుకుందాం అనుకున్నాం.

మొదట బెంజ్ సర్కిల్ వైపు ఒక పెద్ద హోటల్లో దిగాం. రూమ్ శుభ్రంగా ఉంది, టిఫిన్ బ్రహ్మాండం, పెసరట్టు వేడివేడిగా పెనం మీద నుంచే తెచ్చిస్తున్నారు, కానీ కీకార్డ్ తీస్తే ఏసీ ఆగిపోతుంది, జనవరిలో కూడా మధ్యాహ్నానికి రూమ్ వేడెక్కిపోయేది. వైన్‌కి 12-14 డిగ్రీలు నిలకడగా ఉండాలి, ఇలా రోజూ ఎక్కి దిగే వేడి అన్నిటికన్నా చెడ్డది. రిసెప్షన్‌లో అడిగితే ఒక కుర్రాడు విసుక్కోకుండా కిచెన్ కోల్డ్ రూమ్‌లో నిలబెట్టి ఉంచాడు, మడ్డి అడుక్కి దిగాలి కాబట్టి పడుకోబెట్టొద్దని చెబితే గుర్తు పెట్టుకుని మరీ చేశాడు, సర్వీస్ అంటే అదండీ. రెస్టారెంట్‌లో మాత్రం బయటి బాటిల్ తెరవనివ్వం అన్నారు, లైసెన్స్ విషయం కదా, వాళ్లనేం అనలేం.

అందుకని తాడేపల్లి వైపు సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారాం. ఇలాంటి పనికి ఇదే సరైన చోటు అని నా అభిప్రాయం, చిన్న కిచెన్ ఉంది, ఫ్రిజ్ మనది, పార్సిల్ తెప్పించుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. గ్లాసులు మాత్రం మంచినీళ్లవే, పెద్ద బొజ్జ ఉన్న గ్లాసులు బావే సూట్‌కేస్‌లో తెచ్చుకున్నాడు.

సాయంత్రం అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీశాం. కార్క్ కింద సగం తడిసింది, పైదాకా రాలేదు, అంటే దారిలో వేడికి పొంగలేదు. ఫోన్ టార్చ్ సీసా మెడ కింద పెట్టి మెల్లగా గాజు జగ్గులోకి వంచాం, మడ్డి మెడ దాకా రాగానే ఆపేశాం. రంగు మధ్యలో ఇంకా చిక్కటి ఎరుపే, అంచున ఇటుక రంగు. మొదటి గుక్కకి పెద్దగా ఏం తెలియలేదు, గంట గడిచాక విప్పుకుంది చూడండి, మిరియాలు, నల్ల ఆలివ్, పొగ పట్టిన మాంసం, నేరేడు పండు లాంటి పులుపు, వగరు మొత్తం పట్టులా జారిపోయింది. ఆ మిరియాల వాసన ఊరికే అనిపించేది కాదు, రోటండోన్ అనే పదార్థం మన మిరియాల్లోనూ సిరాహ్‌లోనూ ఉంటుందని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తేల్చారు. తిండి విషయంలోనూ అదే కలిసొచ్చింది, మిరియాల మటన్ వేపుడుతో అద్భుతం. గోంగూర మటన్ పులుపుకి వైన్ పల్చబడిపోయింది, గుంటూరు కారం దట్టించిన నాటుకోడితో అయితే నోట్లో ఆల్కహాల్ మంట తప్ప ఏం మిగల్లేదు, ఆ రెండూ విడిగా ఎంత బాగున్నా సరే.

కొంచెం మిగిల్చి మూత పెట్టి మర్నాడు మళ్లీ చూశాం. ఎప్పుడు తాగాలో తేల్చడానికి నాకు తెలిసి ఇదే మంచి పద్ధతి, రాత్రంతా గాలి తగిలాక కూడా బాగుంటే ఆ వైన్‌కి ఇంకా ఓపిక ఉన్నట్టు, చప్పబడితే మిగతావి త్వరగా తాగేయమని అర్థం. మా వైన్‌లో మిరియాలు, పొగ అలాగే ఉన్నాయి, పండు మాత్రం బాగా తగ్గి చివర్లో వగరు పొడిగా తేలింది. అంటే ఇప్పుడు మంచి దశలో ఉంది, ఇంకా పెరిగేదేం లేదు, చల్లగా ఉంచితే మూడు నాలుగేళ్లు నిలబడుతుంది. బావ ఇంకో పదేళ్లు ఆపుదాం అన్నాడు, నేను ఒప్పుకోలేదు. పుస్తకాల్లో రాసే ఏళ్లన్నీ చల్లటి నేలమాళిగల లెక్కలు, మే నెలలో ఇక్కడ 45 దగ్గరికి పోతుంది, బీరువాలో పెడితే ఒక్క ఎండాకాలానికే ఉడికిపోతుంది.

మామూలు ఫ్రిజ్ కొన్ని నెలలకి ఫరవాలేదు, ఏళ్ల తరబడి అయితే ఆ పొడి గాలికి కార్క్ ఎండుతుంది. గుంటూరు అరండల్‌పేటలో మా ఫ్రెండ్ దగ్గర కంప్రెసర్ ఉన్న చిన్న వైన్ ఫ్రిజ్ ఉంది, 13 డిగ్రీల మీద పెట్టాడు, కరెంట్ పోతే ఇన్వర్టర్ ఉంది. రెండో బాటిల్‌ని తడి తువ్వాలు చుట్టి పొద్దున్నే కార్లో తీసుకెళ్లి అక్కడ పడుకోబెట్టొచ్చాం. బావ మళ్లీ రెండేళ్లకి వస్తాడు, అప్పుడు తీస్తాం. ఈలోపు ఫ్రెండ్ ఇల్లు మారినా, ఫ్రిజ్ మొరాయించినా ఆ వారమే తాగేయమని వాడికి చెప్పాను, మా కోసం ఆగొద్దన్నాను.