హనుమకొండ ల్యాబులో ఎలక్ట్రోపోరేటర్: ఏ పనికి కొనవచ్చు, ఏ పనికి కొనకూడదు

హనుమకొండలోని మా మాలిక్యులర్ బయాలజీ ల్యాబులో వాడుతున్న టేబుల్‌టాప్ ఎలక్ట్రోపోరేటర్ (విద్యుత్ పల్స్‌తో కణం పొరలో రంధ్రాలు చేసి డీఎన్ఏను లోపలికి పంపే యంత్రం) గురించిన సమీక్ష ఇది. ఇలాంటి యంత్రం కొనాలని ఆలోచిస్తున్న వరంగల్, కరీంనగర్ కళాశాలల అధ్యాపకులకూ రీసెర్చ్ స్కాలర్లకూ పనికొస్తుందని రాస్తున్నాను. మాది ఎక్స్‌పొనెన్షియల్ పల్స్ (ఒక్కసారి లేచి క్రమంగా తగ్గిపోయే విద్యుత్ తాకిడి) మాత్రమే ఇచ్చే రకం. బ్యాక్టీరియాలోకి, ముఖ్యంగా మొక్కల్లోకి జన్యువులను చేరవేసే అగ్రోబ్యాక్టీరియంలోకి, ప్లాస్మిడ్ (గుండ్రటి చిన్న డీఎన్ఏ) ఎక్కించడానికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. జంతు కణాల మీద పనిచేయదలచినవారు మాత్రం ఈ రకం జోలికి పోకపోవడమే మంచిది.

యంత్రం ఏం చేస్తుందో తెలిస్తే ఈ తేడా అర్థమవుతుంది. కణం చుట్టూ ఉండే పొర మందం సుమారు 5 నానోమీటర్లు. ఆ పొరకు ఇరువైపులా దాదాపు ఒక వోల్టు తేడా ఏర్పడితే అందులో సూక్ష్మమైన రంధ్రాలు పడి, మామూలుగా లోపలికి పోలేని మందులు, డీఎన్ఏ లోపలికి చేరతాయి. పల్స్ మోతాదు మించకపోతే ఆ తరువాత పొర తనంతట తానే మూసుకుంటుంది. 1982లో ఎబర్‌హార్డ్ నాయ్‌మన్, ఆయన సహచరులు ఎలుక కణాల్లోకి ఈ పద్ధతిలోనే జన్యువును పంపి చూపించారు. గుండ్రటి కణం పొర మీద పడే గరిష్ఠ వోల్టేజి ఎంతో తెలియాలంటే, విద్యుత్ క్షేత్రాన్ని కణం వ్యాసార్ధంతో గుణించి, వచ్చినదాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలి. 10 మైక్రోమీటర్ల వ్యాసార్ధం ఉన్న జంతు కణానికి సెంటీమీటరుకు 1,000 వోల్టుల క్షేత్రం ఇస్తే పొర మీద 1.5 వోల్టులు పడతాయి. అర మైక్రోమీటరు వ్యాసార్ధమున్న బ్యాక్టీరియాకు దాదాపు అంతే పడాలంటే సెంటీమీటరుకు 18,000 వోల్టులు కావాలి. రెండు పలకల మధ్య 1 మి.మీ. ఖాళీ ఉన్న నమూనా పాత్రకు, అంటే క్యూవెట్‌కు మేము 1.8 కిలోవోల్టులు పెట్టేది ఇందుకే.

యంత్రంలో నాకు బాగా నచ్చింది టైమ్ కాన్‌స్టంట్ (పల్స్ ఎంత వేగంగా తగ్గిందో చెప్పే సమయం) చూపే చిన్న తెర. 25 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 200 ఓమ్‌ల నిరోధం పెట్టినప్పుడు లెక్క ప్రకారం 5 మిల్లీసెకన్లు రావాలి. పల్స్ తరువాత తెర మీద 4.8 కనబడితే కణాలు శుభ్రంగా ఉన్నట్టు. 4 కంటే దిగువకు పడిపోతే నమూనాలో ఉప్పు మిగిలిందని ప్లేటు చూడకముందే తెలిసిపోతుంది. లైగేషన్ మిశ్రమాన్ని (డీఎన్ఏ ముక్కలను అతికించిన ద్రావణాన్ని) ఉప్పు తీయకుండా నేరుగా వేసే కొత్త విద్యార్థికి ఈ అంకె చెప్పినంత స్పష్టంగా ఏ అధ్యాపకుడూ చెప్పలేడు.

రోజువారీ ఈ.కొలై క్లోనింగ్ (ఈ.కొలై బ్యాక్టీరియాలో డీఎన్ఏ నకళ్ళు తీయడం) కోసమైతే ఈ ఖర్చు అనవసరం. కాల్షియం క్లోరైడ్‌తో కణాలు తయారుచేసుకుని 42 డిగ్రీల వేడి తగిలిస్తే ఆ పని చక్కగా జరుగుతుంది. జన్యు లైబ్రరీలు (రకరకాల డీఎన్ఏ ముక్కల సేకరణలు), పెద్ద ప్లాస్మిడ్‌లు, అగ్రోబ్యాక్టీరియం వంటివి ఉన్నచోటే ఈ యంత్రం విలువ తెలుస్తుంది. పత్తి, మిర్చి పండే మన ప్రాంతంలో మొక్కల జన్యుమార్పిడి మీద పనిచేసే ల్యాబులకు అగ్రోబ్యాక్టీరియం తప్పనిసరి. ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి కరిగించే పాత పద్ధతితో పోలిస్తే ఇందులో కాలనీలు ఎంతో ఎక్కువగా వస్తాయి. కణాలను చల్లటి 10 శాతం గ్లిసరాల్‌తో పలుమార్లు కడగడంలోనూ, పల్స్ ఇచ్చిన వెంటనే మీడియం కలిపి 28 డిగ్రీల వద్ద రెండు మూడు గంటలు కోలుకోనివ్వడంలోనూ అశ్రద్ధ చేయకపోతే ఫలితం నిలకడగా ఉంటుంది.

వర్షాకాలంలో మాత్రం ఒక చిక్కుంది. ఐసులోంచి తీసిన క్యూవెట్‌కు రెండు పక్కలా ఉన్న అల్యూమినియం పలకల మీద క్షణాల్లో తేమ పడుతుంది. దాన్ని టిష్యూతో పూర్తిగా తుడవకుండా ఛాంబర్‌లో పెడితే ‘టప్’మని శబ్దం వచ్చి, నీలిరంగు మెరుపుతో నమూనా మొత్తం పోతుంది. లోపల గాలి బుడగ ఉన్నా ఇదే జరుగుతుంది. యంత్రంలో ఆర్క్ (ఇలాంటి విద్యుత్ మెరుపు) నుంచి రక్షణ ఉండటం వల్ల సర్క్యూటుకు నష్టం జరగలేదు కానీ, విద్యార్థి వారమంతా పడ్డ శ్రమ ఆ ఒక్క శబ్దంతో పోవడం చూస్తే బాధ కలుగుతుంది. ఏసీ గదిలో పెట్టుకోగలిగితే పెట్టుకోండి.

అసలు ఖర్చు క్యూవెట్లది. ఒక్కొక్కటి వందల రూపాయలు పడుతుంది, కంపెనీలు ఒక్కసారే వాడమంటాయి. చాలా ల్యాబులు కడిగి, ఇథనాల్‌లో ఉంచి మళ్ళీ వాడతాయి. పలకలు మసకబారి గుంటలు పడ్డాక ఆర్కింగ్ పెరుగుతుంది, అంతకంటే ముఖ్యంగా పాత ప్లాస్మిడ్ జాడలు కొత్త ప్రయోగంలోకి చేరే ప్రమాదం ఉంది. ఈ విషయంలో పొదుపును నేను సమర్థించను.

ఈ యంత్రంతో క్యాన్సర్ మందు పంపవచ్చా అని వైద్య విద్యార్థులు అడుగుతుంటారు. పంపలేం. తనంతట తాను కణంలోకి సరిగా వెళ్ళలేని బ్లియోమైసిన్‌ను కణితిలోకి చేర్చే ఎలక్ట్రోకీమోథెరపీకి 100 మైక్రోసెకన్ల స్క్వేర్ పల్స్‌లు, సాధారణంగా ఎనిమిది, కచ్చితంగా ఒకే ఎత్తులో కావాలి. అందుకు మనుషుల మీద వాడటానికి అనుమతి పొందిన వేరే పరికరాలున్నాయి. మా యంత్రం పల్స్ ఒక్కసారి లేచి క్రమంగా తగ్గిపోతుంది కాబట్టి సున్నితమైన జంతు కణాలు అందులో ఎక్కువగా చనిపోతాయి. సికిల్ సెల్, థలసీమియా అనే రక్తవ్యాధులకు 2023 నవంబరులో బ్రిటన్ అనుమతించిన క్యాస్‌గెవీ చికిత్సలో, రోగి రక్త మూలకణాలను బయటికి తీసి డీఎన్ఏను కోరినచోట కత్తిరించే క్రిస్పర్ కత్తెరను లోపలికి పంపేది ఎలక్ట్రోపోరేషన్‌తోనే. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఆదిలాబాద్ వైపు ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ బాధితులున్నారని తెలిసినవారికి ఈ అంకె ఎంత బరువైనదో చెప్పనక్కరలేదు. ఈ దారిలో పరిశోధన చేయాలన్న ఆశ ఉన్న ల్యాబులు ఎక్కువ డబ్బు పెట్టయినా స్క్వేర్ వేవ్ సౌకర్యం ఉన్న యంత్రమే తీసుకోవాలి.

సర్వీసు విషయంలో నాకు అసంతృప్తి ఉంది. ఛాంబర్ మూత సరిగ్గా పడితేనే పల్స్ వెలువడేలా ఉన్న భద్రతా స్విచ్ ఒకసారి మొరాయించింది. చిన్న భాగమే అయినా, హైదరాబాద్ నుంచి ఇంజినీరు రావడానికి డీలరు వారాల తరబడి జాప్యం చేశాడు. ఆర్డరు ఇచ్చే ముందే ఎన్ని రోజుల్లో మరమ్మతు చేస్తారో, స్విచ్, కెపాసిటర్ వారంటీలోకి వస్తాయో రావో రాతపూర్వకంగా తీసుకోండి. వోల్టేజి హెచ్చుతగ్గులుండే భవనమైతే మంచి యూపీఎస్ కూడా అదే ఆర్డరులో చేర్చండి.

కొనే ముందు చేసి చూడాలనుకునేవారు మా ల్యాబుకు రావచ్చు. సొంత ప్లాస్మిడ్, కొత్త క్యూవెట్లు తెచ్చుకుంటే కణాలు మేమే ఇస్తాం.