పాంక్రియాస్ క్యాన్సర్‌కి మైక్రో ఆర్‌ఎన్‌ఏ టెస్ట్ ప్యాకేజీ: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

రక్తంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు (జన్యువుల పనిని అదుపు చేసే అతి చిన్న అణువులు) చూసి పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ ఉందో లేదో చెప్తామనే ఈ టెస్ట్‌ని ఇంట్లో పెద్దవాళ్లకి బుక్ చేద్దామనుకుంటున్నవాళ్లు దయచేసి ఆగండి. ఫోన్‌లో ప్రకటన చూసి మా పిన్ని బాబాయికి చేయించింది. 18,000 రూపాయలు.

రిపోర్ట్‌లో ఎర్ర అక్షరాలతో ‘హై రిస్క్’ అని ఉంది. ఏ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు చూశారో, ఎంత వచ్చిందో, కటాఫ్ (ఎంత దాటితే రిస్క్ అనే హద్దు) ఎంతో ఎక్కడా లేదు. అట్టడుగున మాత్రం చిన్న అక్షరాల్లో ‘శాంపిల్ హిమోలైజ్డ్’ అని రాశారు. అసలు సంగతి అదే. రక్తం తీసేటప్పుడో, బ్యాగులో వేసుకుని తిప్పేటప్పుడో ఎర్రకణాలు పగిలితే వాటిలోని ఎంఐఆర్-16, ఎంఐఆర్-451 లాంటి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు సీరంలో (రక్తంలోని ద్రవభాగంలో) కలిసి లెక్కంతా తారుమారవుతుంది. అలాంటి శాంపిల్ పారేసి మళ్లీ తీయాలి. వీళ్లు ఏకంగా రిపోర్టే చేతిలో పెట్టారు.

ఆ రోజు నుంచి బాబాయి సరిగా అన్నం తినలేదు. పొలం కాగితాలు బయటికి తీసి, ఏది ఎక్కడుందో పిన్నికి చూపించడం మొదలుపెట్టాడు. చివరికి గ్యాస్ట్రో డాక్టర్‌గారు పాంక్రియాస్ కోసం ప్రత్యేకంగా చేసే సీటీ స్కాన్ తీయించి, ఏమీ లేదన్నారు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలు బూటకమేమీ కాదు. వాటిని కనిపెట్టినందుకే విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ ఇచ్చారు. డెన్మార్క్ పరిశోధకులు 400 మందికి పైగా పాంక్రియాస్ క్యాన్సర్ రోగుల రక్తం పరీక్షించి 2014లో ఆశ కలిగించే ఫలితాలే ప్రచురించారు. కానీ వాళ్లంతా అప్పటికే జబ్బు బయటపడినవాళ్లు. ఇంకా పరిశోధన జరగాలని ఆ పేపర్లోనే రాశారు. పైగా ఎంఐఆర్-21 లాంటివి వేరే క్యాన్సర్లలోనూ, పాంక్రియాస్ వాపులోనూ పెరుగుతాయి.

‘99 శాతం కచ్చితం’ అంటే నమ్మకండి. లక్షమందిలో పదిమందికి జబ్బుందనుకుందాం. మిగతావాళ్లలో నూటికి ఒక్కరికి తప్పుగా పాజిటివ్ వచ్చినా, దాదాపు వెయ్యి ఇళ్లలో మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది.

కామెర్లు, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా షుగర్ రావడంతో పాటు బరువు పడిపోవడం, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఈ క్యాన్సర్ ఉండటం... ఇలాంటివి ఉంటే నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్యాకేజీ జోలికి పోవద్దు. ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందంటే సరిపోదు, అది ఈ టెస్ట్‌కి ఉందా అని అడగండి.

డబ్బు వెనక్కి అడిగితే ‘ఇది స్క్రీనింగే, నిర్ధారణ కాదు’ అన్నారు. ప్రకటనలో ‘నిర్ధారణ’ అనే ఉంది. స్క్రీన్‌షాట్, రిపోర్ట్ రెండూ దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. డబ్బు ఇంకా రాలేదు.