జాగ్రత్త: కొత్త డబ్బాలో పాత బేరింగ్ అంటగడుతున్నారు

మారుతి జిప్సీలు, పాత థార్లు, బొలెరోలు, ఆర్మీ డిస్పోజల్ జీపులు పెట్టుకుని ఆదివారాలు వికారాబాద్ వైపు మట్టిలోకి దిగే మనవాళ్లందరూ ఇది చదవండి. వాడి పారేసిన బేరింగ్‌కి పాలిష్ పట్టి, పేరున్న కంపెనీ డబ్బాలో పెట్టి, కొత్త సరుకు రేటుకే అమ్ముతున్నారు. నా జిప్సీకి వెనక కుడి చక్రం, దాన్ని తిప్పే యాక్సిల్ రాడ్‌తో సహా బయటికి వచ్చేసింది. అది ఔటర్ రింగ్ రోడ్డు మీద కాకుండా బురదలో, నడక వేగంలో జరిగింది కాబట్టి ఈ పోస్టు రాస్తున్నా.

కొన్నది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయట్లేదు. రాణిగంజ్‌లో తరాలుగా నిజాయతీగా బేరింగులు అమ్ముతున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల పొట్ట కొట్టే ఉద్దేశం నాకు లేదు. జిప్సీ తయారీ ఆగిపోయాక కంపెనీ కౌంటర్‌లో అన్ని పార్టులూ దొరకడం లేదు, మనం బయట వెతుక్కోక తప్పదు. ఈ మోసగాళ్లకి కావాల్సింది కూడా అదే.

వెనక రెండు వైపులకీ బేరింగులు, కాలర్లు (బేరింగ్ జారకుండా రాడ్ మీద పట్టి ఉంచే రింగులు), ఆయిల్ సీళ్లు తీసుకున్నా. ధర చూస్తే అనుమానం వచ్చేలా లేదు, పక్క షాపు కంటే ఏదో నూరు రూపాయలు తక్కువ. దొంగ సరుకు సగం ధరకే ఉంటుందని అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. "కంపెనీ మాలే అన్నా, డబ్బా చూస్కో" అన్నాడు. బిల్లు అడిగితే "కంప్యూటర్ డౌన్ ఉంది, వాట్సాప్‌ల పంపిస్త" అని తెల్లకాగితం మీద మొత్తం రాసిచ్చాడు. ఆ వాట్సాప్ ఇప్పటికీ రాలేదు. కుడివైపు మోత వస్తోంది కాబట్టి ఆ పక్క కొత్తది వేయించి, రెండోది డబ్బా సీల్ తీయకుండా స్పేర్‌గా బండిలో పెట్టుకున్నా.

కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు మట్టిదారిలో ఒక వాగు దాటాక వెనక నుంచి గరగరమని మోత మొదలైంది. ఎడమకి తిప్పితే పెరుగుతోంది, కుడికి తిప్పితే తగ్గుతోంది. ఎడమకి తిరిగేటప్పుడు బరువంతా కుడి చక్రాల మీద పడుతుంది, కాబట్టి తేడా కుడివైపే. దిగి చూసేలోపే చక్రం జానెడు బయటికి జరిగి, టైరు మడ్‌గార్డ్‌కి ఆనుకుంది. డ్రమ్ము కూడా దాంతో పాటే వచ్చింది, గేర్ ఆయిల్ బ్రేక్ లైనర్ల మీదంతా కారిపోయింది.

జిప్సీ వెనక యాక్సిల్ సెమీ ఫ్లోటింగ్ రకం. చక్రం నేరుగా యాక్సిల్ రాడ్‌కే బిగించి ఉంటుంది. ఆ రాడ్‌ని లోపల పట్టి ఉంచేది ఒక్క బేరింగ్, దాని వెనక ప్రెస్ చేసిన కాలర్. ఈ రెండిట్లో ఏది జారినా చక్రం రాడ్‌ని లాక్కుని బయటికి వస్తుంది. పెద్ద లారీల్లో ఉండే ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో బండి బరువు హబ్ మోస్తుంది, రాడ్ తిప్పడానికి మాత్రమే, అది విరిగినా చక్రం ఊడదు. మనకి ఆ భాగ్యం లేదు. అందుకే ఈ ఒక్క బేరింగ్ దగ్గర మోసం జరిగితే ప్రాణాల మీదకొస్తుంది.

అలాంటప్పుడు ఫోర్ వీల్ వేసి ముందు చక్రాలతో వెళ్లిపోదాం అనుకోకండి, వెనక చక్రం నిలబడదు. తాడు కట్టి అలాగే లాగినా అంతే. మేం రాడ్ తీసేసి, పక్కన పడి ఉన్న ఎండు తుమ్మ దుంగని యాక్సిల్ కింద నుంచి పోనిచ్చి, ముందు కొస ఛాసిస్‌కి కట్టాం. వెనక కొస నేల మీద ఈడ్చుకుంటూ రాగా తోటి మిత్రుడి బొలెరో తారురోడ్డు దాకా మెల్లగా లాగింది. అక్కణ్ణుంచి ఫ్లాట్‌బెడ్ మీద సిటీకి.

అసలు సంగతి బాలానగర్‌లో లేత్ షాపులో బయటపడింది. పాడైన బేరింగ్‌లో కేజ్ (గోళీలని వాటి చోట పట్టి ఉంచే చట్రం) ముక్కలైంది, గోళీలు నీలం రంగుకి తిరిగాయి, బయటి రింగు యాక్సిల్ గొట్టంలో తిరిగి తిరిగి నున్నగా అరిగింది. "నీళ్లు పోయినయి" అనో, "మీ మెకానిక్ సుత్తితో కొట్టిండు" అనో షాపువాడు తప్పించుకునేవాడే. కానీ స్పేర్ ఉంది కదా. లేత్ పెద్దాయన దాని డబ్బా సీల్ విప్పి, భూతద్దం పెట్టి, "ఈడ చూడు బాబూ" అన్నారు. కొత్త నంబరు కింద పాత నంబరు నీడలా కనిపిస్తోంది. లోపల గోళీలు తిరిగే దారిలో సన్నటి గుంటలు. ఒక్క కిలోమీటరు కూడా తిరగని "కొత్త" బేరింగ్‌లో!

సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్ పెడితే ఇంకా తేలింది. ఉదాహరణకి 6207 నంబరు బేరింగ్ తీసుకోండి, లోపలి రంధ్రం 35, బయటి కొలత 72, మందం 17 మిల్లీమీటర్లు. మామూలు గ్రేడ్‌లో బయటి కొలత 72 దాటకూడదు, తగ్గితే 13 మైక్రాన్లకి మించి తగ్గకూడదు. అంటే మిల్లీమీటరులో నూరో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మా స్పేర్ తన సైజుకి ఉండాల్సిన ఆ హద్దు దాటి బాగా కిందికి పోయింది, ఎందుకంటే తుప్పు పోగొట్టడానికి బయట అంతా అరగదీశారు. అలా సన్నబడిన రింగు గొట్టంలో బిగుతుగా కూర్చోదు. తిరుగుతుంది, వేడెక్కుతుంది, ఆ వేడికి కాలర్ పట్టు వదిలేస్తుంది.

స్పేర్ పట్టుకుని షాపుకి వెళ్తే ముందు "మా దగ్గర కొన్లేదు" అన్నాడు. కాగితం మీద చేతిరాత చూపించాక స్పేర్ డబ్బులు మాత్రం ఇస్తానన్నాడు. రాడ్, డ్రమ్ము, లైనర్లు, ఫ్లాట్‌బెడ్ ఖర్చు అడిగితే "అవి నాకేం సంబంధం" అని. డబ్బులు తీసుకుంటే స్పేర్ వాడి చేతికి పోతుంది, కాబట్టి తీసుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టా. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. నష్టం జరిగిన 2 ఏళ్లలోపు వెళ్లొచ్చు, చెల్లించిన ధర 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. అయితే అన్నిటికీ బిల్లే ఆధారం. జీఎస్టీ బిల్లులో బేరింగ్ నంబరు, హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకాన్ని చెప్పే కోడ్) 8482 రాయించుకోండి, కంప్యూటర్ డౌన్ అంటే లేచేదాకా అక్కడే కూర్చోండి.

డబ్బాని నమ్మకండి. డబ్బా అసలుదే అయ్యుండొచ్చు, గ్యారేజీల్లో ఖాళీ డబ్బాలు తూకానికి కొనేవాళ్లున్నారు. కాబట్టి మీ బండికి కొత్త బేరింగ్ వేయించినప్పుడు ఆ ఖాళీ డబ్బా మీ చేత్తోనే చింపేయండి. షాపులోనే కవర్ విప్పించి రింగు మీద నంబరుని వెలుతురులో వాల్చి చూడండి. అసలు దాంట్లో అక్షరాలు ఒకే లోతులో స్పష్టంగా ఉంటాయి, కింద గీతలుండవు. పక్క మీద అడ్డంగా గ్రైండింగ్ గీతలు, మూలల్లో నల్లటి చుక్కలు కనిపిస్తే వదిలేయండి. బేరింగ్ కంపెనీల్లో ఎస్‌కేఎఫ్ వాళ్లకి అథెంటికేట్, షాఫ్లర్ వాళ్లకి ఆరిజిన్‌చెక్ అని ఫోన్ యాప్‌లున్నాయి, అనుమానం వస్తే కౌంటర్ దగ్గరే తీసి చూడండి. నసిగే షాపువాడి దగ్గర ఎలాగూ కొనక్కర్లేదు.

కాలర్ సంగతి కూడా. ఒకసారి తీసిన కాలర్ మళ్లీ పనికిరాదు, ఉలితో పగలగొట్టి తీసి కొత్తదే ప్రెస్ చేయాలి. గ్యాస్ టార్చ్‌తో బేరింగ్‌ని ఎర్రగా కాల్చే మెకానిక్ దగ్గర్నుంచి బండి తీసుకుని వచ్చేయండి, ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోతుంది. రాడ్ మీదకి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గోళీల మీదుగా పోయి, సమాన దూరాల్లో గుంటలు పడతాయి.

నీళ్లలో దిగే అలవాటున్నవాళ్లకి ఇంకో మాట. వేడెక్కిన హబ్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీల్ సందులోంచి నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. ముందు హబ్‌ల గ్రీజు పాలరంగుకి మారిందంటే కడిగి కొత్తది నింపాల్సిందే. పెద్ద టైర్లు, వీల్ స్పేసర్లు వేసినవాళ్ల బేరింగులు ఇంకా త్వరగా పోతాయి, చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగ్ మీద వంపు బలం పెరుగుతుంది.

ఈమధ్య విడి కౌంటర్లలో వెనక బేరింగులు మార్పించుకున్న జిప్సీవాళ్లు వచ్చే ట్రిప్‌కి ముందు బండి జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి, తర్వాత లోపలికీ బయటికీ లాగి చూడండి. టక్కుమని కదిలినా, డ్రమ్ము వెనక ఆయిల్ చార కనిపించినా ఆ బండిని మట్టిలోకే కాదు, ఔటర్ రింగ్ రోడ్డు మీదకి కూడా తీయకండి.