ఓఆర్‌ఎస్ పొడి: కబడ్డీ కోర్టు పక్క నుంచి ఒక సమీక్ష

మెడికల్ షాపులో ఇరవై, పాతిక రూపాయలకు దొరికే, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కలిపి తాగే ఓఆర్‌ఎస్ పొడికి సమీక్ష ఏమిటని నవ్వుకోకండి. నేను పల్నాడులో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల టీచర్ని. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలు మొదలయ్యాయంటే మండలం, జిల్లా అంటూ ఆడపిల్లల కబడ్డీ టీమును వెంటేసుకుని తిరగడమే నా పని. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో క్రేప్ బ్యాండేజీ తర్వాత ఎక్కువ ఖర్చయ్యేది ఈ పొడే.

ముందు రుచి. ప్లెయిన్ ప్యాకెట్ కలిపి ఇస్తే పిల్లలు మొహం చిట్లిస్తారు. ‘మేడమ్, కన్నీళ్లు తాగినట్టుంది’ అంది మా రైడర్ ఒకమ్మాయి. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆరెంజ్ ఫ్లేవర్ కాస్త నయం, చల్లగా ఉంటే ఇంకాస్త నయం. కానీ ఉక్కపోతలో రెండు మ్యాచ్‌లు వరసగా ఆడి జెర్సీ పిండుకుంటూ వచ్చిన పిల్ల అదే నీళ్లు గటగటా తాగేస్తుంది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఒక గుక్క తాగి పక్కన పెట్టేస్తారు.

ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 20.5 గ్రాముల పొడి: గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు. గ్లూకోజ్ వేసింది తీపి కోసమో, బలం కోసమో కాదు. చిన్నపేగులో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లు కూడా వెళ్తాయి. ఈ చిన్న కిటుకుతోనే 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగుల్ని బతికించారు. 2023లో పద్మవిభూషణ్ ప్రకటించేనాటికి ఆయన లేరు.

మరి రంగురంగుల స్పోర్ట్స్ డ్రింకులు? వాటిలో లీటరుకు అరవై గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, సోడియం మాత్రం అరగ్రాముకు అటూఇటుగా. ఓఆర్‌ఎస్‌లో సోడియం 1.7 గ్రాములు. గంటల తరబడి పరిగెత్తేవాళ్లకు ఆ చక్కెర పనికొస్తుంది, కాదనను. మా పిల్లల మ్యాచ్ పావుగంట చొప్పున రెండు భాగాలు. దానికి పొద్దున తిన్న ఇడ్లీ, మధ్యలో ఒక అరటిపండు, దాహానికి మంచినీళ్లు సరిపోతాయి. ఓఆర్‌ఎస్ అక్కర పడేది రోజంతా ఎండలో కూర్చోబెట్టి మ్యాచ్ మీద మ్యాచ్ ఆడించినప్పుడే. మ్యాచ్‌కి ముందు ‘పవర్’ కోసం తాగించే కోచ్‌లు ఉన్నారు. అది దండగ. బీపీ, కిడ్నీ సమస్య ఉన్న మాస్టార్లు పిల్లలతో పాటు ఓ గ్లాసు పుచ్చుకోవడం దండగ కాదు, చేటు.

అసలు లోపం పొడిలో లేదు, కలపడంలో ఉంది. పెద్ద ప్యాకెట్ లీటరుకు. పిల్లల చేతిలో ఉండేది అరలీటరు సీసా. ప్యాకెట్ మొత్తం దాంట్లో వేసేస్తే మందు చిక్కబడి కడుపులో తిప్పుతుంది, నీళ్లు పట్టాల్సింది పోయి ఎదురు తిరుగుతుంది. సగం పొడి వేసి మిగతాది మడిచి దాచుకోవడమూ సరైంది కాదు, ఆ సగంలో ఏది ఎంత పడిందో ఎవరికి తెలుసు? నేను లీటరు సీసాలోంచి ఒక గ్లాసు నీళ్లు తీసి పక్కన పెడతాను, పొడి మొత్తం వేసి, ప్యాకెట్ మూలల్లో ఇరుక్కున్నదీ దులిపి, కలిపాక తీసిన నీళ్లు మళ్లీ పోస్తాను. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి, పిల్లలకు అవే వీలు. కలిపింది మర్నాటికి మిగిలితే పారబోయాలి. ముసురు రోజుల్లో పొడి గడ్డకట్టి రంగు మారిందా, అదీ చెత్తబుట్టకే.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. చాలాకాలం అట్టపెట్టె జ్యూసుల మీద కూడా ‘ఓఆర్‌ఎస్’ అక్షరాలు కనబడేవి, లోపలేమో అసలు సూత్రానికి ఎన్నో రెట్ల చక్కెర. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ సూత్రం పాటించని పానీయాలు ఆ పేరు వాడకూడదని తేల్చింది. అయినా కౌంటర్ దగ్గర పేరు చెప్పి ఊరుకోకుండా ప్యాకెట్ తిప్పి చూడండి. పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ చూడ్డానికి వెలవెలబోతూ ఉంటుంది కానీ సరుకు అదే.

ఇక ఇది చేయలేనివి. పిక్క పట్టేస్తే ‘ఉప్పు తగ్గింది’ అని అందరూ ఓఆర్‌ఎస్ వైపు చూస్తారు. చాలాసార్లు అది కండరం అలిసిపోయి పట్టేయడం. పాదం పైకి లాగి సాగదీస్తే వదులుతుంది. దాహం లేకున్నా లీటర్లకు లీటర్లు పట్టించడం ఇంకా ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం తగ్గి కనిపించింది, అదీ పరుగులో నీళ్లు ఎక్కువ తాగి బరువు పెరిగినవాళ్లలోనే ఎక్కువ. ఒళ్లు కాలిపోతూ పిల్ల తికమకగా మాట్లాడిందా, నోట్లో ఏదీ పోయొద్దు. నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్లు గుమ్మరిస్తూ 108కి ఫోన్ చేయాలి.

అయిదుకు నాలుగు మార్కులిస్తాను. ఆ ఒక్కటి తగ్గించింది లీటరు లెక్కను మన భాషలో, కళ్లకు కనబడేంత అక్షరాల్లో వేయనందుకు.

ఏ ప్యాకెట్టూ తీర్చని గొడవ ఒకటుంది. తూకంలో బరువు దాటితే ఆడనివ్వరని పిల్లలు ముందురోజు నుంచే తిండీ నీళ్లూ మానేస్తారు. తూకం అయ్యాకైనా తాగుతారా అంటే అదీ లేదు. ‘దాహం లేదు మేడమ్’ అంటారు. గ్రౌండులో బాత్రూము లేదని అర్థం. ఉన్నా తలుపుకు గడియ ఉండదు, పంపులో నీళ్లు రావు. నెలసరి రోజులైతే చెప్పనే అక్కర్లేదు. సాయంత్రానికి తలనొప్పి, కళ్లు తిరగడం, ఒంటేలుకు వెళ్తే మంట. అందుకని పోటీలకు రెండు రోజుల ముందే నిర్వాహకులకు ఫోన్ చేసి బాత్రూము సంగతి అడుగుతాను. సరిగ్గా జవాబు రాకపోతే గ్రౌండు పక్కనున్న స్కూలు హెడ్‌మాస్టరును బతిమాలి, ఆ రెండు రోజులకు తాళంచెవి తీసుకుంటాను.