డేలియో యాప్: మూడ్ చార్ట్‌గా ఎవరికి సరిపోతుంది, ఎవరికి చాలదు

రోజూ మూడ్ ఎలా ఉందో నమోదు చేసుకునే యాప్ డేలియో. ఇందులో రోజువారీ ఎంట్రీకి అర నిమిషం చాలు. ఐదు ముఖాల్లో ఒకటి నొక్కాలి, ఆ రోజు చేసిన పనుల బొమ్మలు ఎంచుకోవాలి, ఓపికుంటే ఒక ముక్క రాసుకోవాలి. రాయడం భారమైతే ఏ మూడ్ చార్టయినా మూలనపడుతుంది కాబట్టి దీని అసలు బలం ఇక్కడే ఉంది.

చిక్కు కూడా ఆ ముఖాల దగ్గరే. ఘోరం నుంచి అద్భుతం దాకా ఒకటే నిచ్చెన. డిప్రెషన్‌ను గమనించుకోవడానికి పర్వాలేదు, దిగులూ మితిమీరిన ఉత్సాహమూ మారిమారి వచ్చే బైపోలార్‌కు మాత్రం చాలదు. మూడు గంటలే నిద్రపోయి, అయినా అలుపు లేకుండా, మాట ఆగకుండా ఉన్న రోజూ అద్భుతం కిందికే వస్తుంది. మేనియా (ఆ మితిమీరిన ఉత్సాహపు దశ) ముదురుతుంటే గ్రాఫ్ మాత్రం కోలుకుంటున్నట్టు చూపిస్తుంది! ముఖాల పేర్లు మార్చుకోవచ్చు గానీ, లెక్కలో పైముఖం ఎప్పుడూ మేలైనదే. రోజుకు రెండు మూడు ఎంట్రీలు పెట్టినా గ్రాఫ్‌లోకి సగటే ఎక్కుతుంది. పొద్దున అట్టడుగున, సాయంత్రం ఆకాశంలో ఉన్న రోజు మామూలు రోజులా కనిపిస్తుంది.

బైపోలార్ ఉన్నవారికి ఈమూడ్స్ (eMoods) అనే యాప్ నయం. దిగులు, ఉద్రేకం, చిరాకు, ఆందోళన వేర్వేరుగా నమోదవుతాయి. నిద్ర గంటలు, మందులు పక్కనే ఉంటాయి, డాక్టరుకు చూపించే నెలవారీ రిపోర్టూ వస్తుంది. గళ్ల కాగితమూ తక్కువేం కాదు. మధ్యలో సున్నా గీత, పైకి +3, కిందికి −3. ఆ అంకెలకు అర్థం పనిని బట్టి ముందే రాసిపెట్టుకోవాలి: −1 అంటే పనులన్నీ అయ్యాయి గానీ ఈడ్చుకుంటూ, −2 అంటే కొన్ని ఆగిపోయాయి, −3 అంటే మంచం దిగలేదు. "బాధగా ఉంది" అనే కొలత వారానికోలా మారుతుంది, స్నానం చేశారా లేదా అన్నది మారదు. రోజులోని గరిష్ఠం, కనిష్ఠం రెండూ చుక్క పెట్టాలి.

డేలియోనే వాడదలచుకుంటే ముందుగా వచ్చే బొమ్మల్లో చాలావాటిని తీసేయండి, పదికి మించితే నొక్కడం మొక్కుబడి అవుతుంది. "నిద్ర 5 గంటల లోపు", "మందు తప్పింది", "మద్యం", "నెలసరి" లాంటివి చేర్చండి. నిద్ర గంటలు లేవగానే, మూడ్ పడుకునే ముందు నమోదు చేయాలి. తప్పిపోయిన రోజును ఖాళీగానే వదలండి, ఇవాళ్టి దిగులు నిన్నటికీ రంగు పూస్తుంది. ఏ పని చేసిన రోజు మూడ్ ఎలా ఉందో చూపే లెక్కలను మరీ నమ్మకండి. టీవీ చూసినందుకు దిగులు పడ్డారా, దిగులుగా ఉండి టీవీ ముందు కూలబడ్డారా, యాప్‌కు తెలియదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే చార్ట్ నింపి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, అప్పుడే డాక్టరుకు గానీ హెల్ప్‌లైన్‌కు గానీ ఫోన్ చేయాలి.

ఎంట్రీలు మీ ఫోన్‌లోనే ఉంటాయి, పిన్ లాక్ పెట్టుకోవచ్చు. గోప్యతకు మంచిదే, కానీ గూగుల్ డ్రైవ్ లేదా ఐక్లౌడ్ బ్యాకప్ పెట్టకపోతే ఫోన్‌తోపాటు చార్టూ పోతుంది.